“వీడే” యను మాట

అత్యాచారపు నేరమును విచారించు న్యాయస్థానము తేల్చవలసిన ప్రశ్నలు రెండు. అట్టి దుష్కార్యము జరిగినదా యనునది మొదటిది. జరిపినవాడు ఈ బోనులో నిలిచియున్నవాడేనా యనునది రెండవది. ఇవి వేఱువేఱు ప్రశ్నలని మనలో పెక్కండ్రు తలపరు. తలపకపోవుటచేత రెండు విధములైన యన్యాయములు చేయుచున్నాము. ముద్దాయి విడుదలయైన మఱునాడు, “అయినచో ఆ పిల్ల అబద్ధమాడినదన్నమాట” అనుచున్నాము. ఎవడో యొకడు పట్టుబడిన మఱునాడు, “ఇంక విచారణ యేల, ఉరితీయరాదా” అనుచున్నాము. మొదటి మాట పలుకువారు స్త్రీకి శత్రువులనియు, రెండవ మాట పలుకువారు మిత్రులనియు మనకొక భ్రమ. నాకు తోచినంతవఱకు ఈ రెండు మాటలును ఒక్క పొరపాటునుండియే పుట్టుచున్నవి.

నేను న్యాయశాస్త్రము చదివినదానను కాను. మా నాయనగారు ఒక జిల్లా కోర్టులో వకీలుగారికడ ముప్పది యేండ్లు గుమాస్తాగా పనిచేసిరి. రాత్రి భోజనములైన పిదప, తాము ఆ దినమున చూచిన తీర్పులను మా అక్కచెల్లెండ్రకు కథలుగా చెప్పుచుండెడివారు. ఆడుపిల్లలు వినరానివని లోకమనుకొను వ్యాజ్యములను గూడ మఱుగుపరుపక, మాటల నెన్నుకొని చెప్పెడివారు. “తీర్పులో కడపటి పంక్తి చూచి ఊరకోకండమ్మా, ఆ పంక్తికి ఏ దారిన వచ్చినారో చూడండి” అని వారి హితవు. నేడు సుప్రీంకోర్టు తీర్పులను ఎవరైనను రుసుము లేకుండ ఇంటనుండి చదువుకొనవచ్చును. కొన్ని తెలుగులోనికి గూడ వచ్చుచున్నవి. నాయనగారి హితవు చొప్పున వానిని చదువుట నాకు అలవాటైనది.

మా వీధి స్త్రీలము వారమున కొకమాఱు కూడి పత్రికలు చదువుకొనుచుందుము. 2022 నవంబరు 7వ తేదీన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. దాని పూర్వకథ యిది. 2012 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఢిల్లీలో పని ముగించుకొని యింటికి వచ్చుచున్న పందొమ్మిదేండ్ల యువతిని కారులో ఎత్తుకొనిపోయి, చెఱచి, చంపి, హర్యానాలోని పొలములలో పడవేసిరి. ముగ్గురు యువకులకు సెషన్సు కోర్టు 2014లో ఉరిశిక్ష విధించినది; హైకోర్టు ఆ యేడే దానిని ఖాయపఱచినది. ఎనిమిదేండ్ల తరువాత సుప్రీంకోర్టు ఆ ముగ్గురిని విడుదల చేసినది.

ఆ వారము మా కూటమిలో ఎనుబదేండ్ల పెద్దావిడ యొకరు ఈ వార్త విని, “అయితే ఆ పిల్లని ఎవరు చంపినట్టు అమ్మాయీ?” అని నన్నడిగిరి. కాలేజీలో చదువుకొనుచున్న పిల్ల యొకతె, “ఇందుకే పిన్నిగారూ, 2019లో మన హైదరాబాదులో చేసినట్టు చెయ్యాలి” అన్నది. ఒకరిది దుఃఖము, ఒకతెది కోపము. రెండును న్యాయమైనవే. కాని ఆ దుఃఖమునకును ఆ కోపమునకును తగిన సమాధానము ఒక్క పూటలో చెప్పగలిగినది కాదు. అందుచేత ఇచట వ్రాయుచున్నాను.

ముందు పెద్దావిడ ప్రశ్న. ఎవరు చంపినట్లు? ఆ తీర్పులో దీనికి సమాధానము లేదు, ఉండదు. అప్పీలు న్యాయస్థానము “చేసినదెవరు?” అని వెదకదు. “వీరే చేసిరని ప్రభుత్వము ఋజువుపఱచినదా?” అని మాత్రమే చూచును. సాధారణముగా అది సాక్షుల ముఖములు చూడదు, వారి గొంతులు వినదు. క్రింది కోర్టులో వ్రాయబడిన వాఙ్మూలములు, వైద్యుని పత్రములు, పోలీసుల పంచనామాలు మాత్రమే దాని యెదుట నుండును. నేరము జరిగిన మొదటి వారమున ఎవరో యొక సీసాకు సీలు వేయుట మఱచినను, ఒక ముఖమును చూపరాని వేళ చూపినను, ఆ లోపము పదేండ్ల తరువాత అప్పీలులో బయటపడును. అప్పటికి న్యాయమూర్తు లెంత మేధావులైనను దానిని పూరింపజాలరు. మొదట లేని సాక్ష్యము పిమ్మట పుట్టదు.

ఇచట ఒక సంగతి చెప్పవలెను. మన దేశపు నేరగణాంకములు ఏటేట చెప్పుచున్నట్లు, పదింట తొమ్మిదింటికి పైగా అత్యాచారపు నేరములలో నిందితుడు ఆ స్త్రీ యెఱిగినవాడే: పొరుగువాడు, బంధువు, యజమాని, స్నేహితుడు. అట్టి వ్యాజ్యములలో “ఎవడు” అను ప్రశ్న సామాన్యముగా రాదు; వివాదము ఆమె యిష్టమును గూర్చి వచ్చును. కాని మిగిలిన వ్యాజ్యములలో, చేసినవాడు అపరిచితుడైనప్పుడు, చీకటియైనప్పుడు, పలువురు కలిసి చేసినప్పుడు, పసిబిడ్డయైనప్పుడు, చెప్పవలసిన నోరే చనిపోయినప్పుడు, వ్యాజ్యమంతయు ఆ ఒక్క ప్రశ్నపైననే నిలుచును.

అట్టియెడ స్త్రీ మాటకు విలువ యెంత? మన ఉన్నత న్యాయస్థానము దీనికి ఉదారమైన సమాధానమే చెప్పినది. 1984 మార్చిలో పంజాబులో పరీక్ష వ్రాసి యింటికి పోవుచున్న పదునాఱేండ్లయినను నిండని బాలికను కొందఱు కారులో ఎత్తుకొనిపోయి చెఱచిరి. 1985లో విచారణ న్యాయస్థానము ఆ బాలికను నమ్మక ముద్దాయిలను విడిచిపెట్టెను. నమ్మకపోవుటకు చూపిన కారణములలో ఒకటి వినదగినది: ఆ కారు ఫియెట్టో, అంబాసిడరో, మాస్టరో ఆ బాలిక చెప్పలేకపోయినదట! 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి ముద్దాయిలను శిక్షించినది. ప్రాణభయముతో నున్న పల్లెపిల్ల కారుల రకములను పోల్చలేకపోవుట ఆమె సత్యమునకు భంగము కాదనియు, ఆమె సాక్ష్యము నమ్మదగినదైనచో దానికి వేఱొక సాక్షి తోడు రానక్కఱలేదనియు స్పష్టముగా చెప్పినది. ఈ తీర్పు మన స్త్రీలకు గొప్ప మేలు చేసినది. అంతకు ముందు స్త్రీని దొంగసాక్షిగా చూచు నలవాటు న్యాయస్థానములలో గూడ నుండెను.

గుర్తింపును గూర్చి నేరుగా చెప్పిన తీర్పు 2003లో వచ్చినది. మధ్యప్రదేశములో ముగ్గురు అపరిచితులు ఒక స్త్రీని చెఱచిరి. పోలీసులు గుర్తింపు పరేడు జరుపలేదు. ఆమె కోర్టులోనే వారిని చూపి “వీరే” అనెను. ఆ గుర్తింపు చెల్లదని ముద్దాయిలు సుప్రీంకోర్టువఱకు పోయిరి. న్యాయమూర్తులు ఇట్లు తేల్చిరి: గుర్తింపు పరేడు దర్యాప్తు సరియైన దారిని పోవుచున్నదా యని చూచుకొనుటకు, అసలు సాక్ష్యము ప్రమాణము చేసి కోర్టులో చెప్పినదే. ఈమె వారిని దగ్గఱగా, తగినంతసేపు చూచినది. నేరము 1992 మార్చిలో జరుగగా ఆగస్టులోనే సాక్ష్యము చెప్పినది. ఇట్టి ఘోరమును పడిన స్త్రీ మనస్సున ఆ ముఖములు అచ్చుపడియుండును. కాబట్టి శిక్ష నిలిచినది. పోలీసుల యశ్రద్ధకు ఆమెను దండింపకపోవుట ఇందలి ధర్మము. అది నాకు మిక్కిలి నచ్చినది.

కాని, ఘోరమును పడినవారి మనస్సున ముఖము అచ్చుపడునన్న మాట యెల్లవేళల నిజమగునా? దీనిని అమెరికాలో జరిగిన యొక కథ ప్రశ్నించుచున్నది. 1984 జులైలో ఉత్తర కరొలీనా రాష్ట్రమున బర్లింగ్టన్ పట్టణములో ఒక విద్యార్థిని యింట ఒకడు రాత్రివేళ చొరబడి ఆమెను చెఱచెను. ఆమె ధైర్యవంతురాలు. బ్రతికి బయటపడినచో వీనిని పట్టించవలెనని సంకల్పించుకొని, ఆ చీకటిలోనే వాని ముఖమును పరికించి పరికించి చూచినది. తరువాత పోలీసులు ఆఱుగురి ఛాయాచిత్రములు చూపగా, కొంతసేపు ఆలోచించి రోనాల్డ్ కాటన్ అను వానిని చూపినది. పిమ్మట కొందఱిని వరుసగా నిలువబెట్టి చూపగా మఱల వానినే చూపినది. చిత్రములలో చూపినదియు వీనినే యని పోలీసులు చెప్పగా ఆమెకు మనశ్శాంతి కలిగినది. ఆ శాంతియే అనుమానమును తుడిచివేసినది. కోర్టులో ఆమె సంపూర్ణ నిశ్చయముతో “వీడే” అనెను. 1985లో కాటనుకు యావజ్జీవ శిక్ష పడినది.

అప్పీలు జరిగినది. అదే రాత్రి చెఱుపబడిన వేఱొక స్త్రీ ఆ వరుసలో ఇంకొకనిని చూపెనన్న సంగతిని క్రింది కోర్టు జూరీకి తెలియనీయలేదు. అది తప్పని రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము 1987లో మఱల విచారణకు పంపినది. ఈ లోపల చెఱసాలలో బాబీ పూల్ అను ఖైదీ, ఆ నేరము తనదేయని తోటి ఖైదీతో చెప్పుకొనెను. రెండవ విచారణలో పూలును తెచ్చి ఆమె యెదుట నిలిపిరి. ఆమె వానిని ఎఱుగనన్నది! కాటనునే మఱల చూపినది. మొదట వేఱొకనిని చూపిన రెండవ స్త్రీయు ఈమాఱు కాటనే యన్నది. కాటను మఱల చెఱసాలకు పోయెను. 1995లో మిగిలియున్న కొద్దిపాటి నమూనాకు డి.ఎన్.ఏ. పరీక్ష చేయగా నేరము పూలుదని తేలినది. కాటను పదేండ్లకు పైగా చేయని నేరమునకు శిక్ష ననుభవించి వెలుపలికి వచ్చెను.

ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు పగ లేదు. బుద్ధి లోపము లేదు. రెండవమాఱు చూచిన ముఖము మొదటి ముఖమును కప్పివేసినది, అంతే. కొన్నేండ్లకు ఆ యిరువురును స్నేహితులై, 2009లో తమ కథను కలిసి పుస్తకముగా వ్రాసిరి. ఆమె పేరు ఆమెయే లోకమునకు చెప్పుకొన్నది గాని మనకిచట అక్కఱలేదు. మనము గ్రహింపవలసిన సంగతి యిది: జ్ఞాపకము పెట్టెలో దాచిన నగవంటిది కాదు. తీసి చూచిన ప్రతిమాఱును దానిపై మన చేతి మరక పడును. అమెరికాలో డి.ఎన్.ఏ. పరీక్షచేత నిర్దోషులని తేలిన మూడువందలకు పైబడిన మనుష్యులలో దాదాపు మూడింట రెండు వంతులు ఇట్లు చూచినవారి పొరపాటు గుర్తింపువలన శిక్షపడినవారే. ఎక్కువమంది అత్యాచారపు నేరములలోనే.

దీనిని చదివి, “చూచితిరా, ఆడువారి మాట నమ్మరాదు” అనువారుందురు. వారికి నా సమాధానము: “నాకు అన్యాయము జరిగినది” అన్న ఆమె మాట అక్షరాల నిజము. “వీడే” అన్న మాట ఆమెకు చూపిన పద్ధతివలన చెడినది. పద్ధతి నడిపినవారు పోలీసులు. తప్పు పద్ధతిలో నుండగా అబద్ధమాడిన దోషము ఆమె నెత్తిన వేయుట అధర్మము.

అందుచేతనే గుర్తింపు పరేడునకు నియమము లేర్పడినవి. మన రాష్ట్రములలో దానిని పోలీసులు గాక మేజిస్ట్రేటు నడుపును. అనుమానితునితో పాటు నిలుపు ఇతరులు వయస్సున, ఎత్తున, రూపున, జీవనస్థితిని సాధ్యమైనంతవఱకు అతనిని పోలియుండవలెను. అతని యొడలిపై ప్రత్యేకముగా కనబడు వస్త్రమున్నచో తీయించవలెను, లేదా ఇతరులకును అట్టిది తొడిగించవలెను. ఎచట నిలువవలెనో అతడే యెన్నుకొనవచ్చును. ఒక సాక్షి పోయి మఱొక సాక్షి వచ్చులోపల వరుస మార్చుట మంచిది. పరేడు జరుగువఱకు అతని ముఖము సాక్షుల కంటబడరాదు. 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులు 2024 జులై 1వ తేదీనుండి క్రొత్తచట్టము వచ్చినను ఈ మూలసూత్రము మాఱలేదు.

ఇప్పుడు మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఎవడో యనుమానితుడు పట్టుబడెనని వినుటతోనే వాని ఛాయాచిత్రము చేతి ఫోనులలో ఊరూరను తిరుగుచున్నది. “వీడే ఆ దుర్మార్గుడు, పదిమందికి పంపుడు” అని మనము పంపుచున్నాము. ఆ చిత్రము బాధితురాలి ఫోనునకు గూడ పోవును. ఇక పరేడు వలన ప్రయోజనమేమి? “పరేడునకు ముందే నా బొమ్మ అందఱును చూచిరి” అని ముద్దాయి వకీలు అప్పీలులో వాదించును. ఆ వాదము నిలుచును. చిత్రము పంపినవారు స్త్రీకి సాయము చేసితిమని తలచిరి. నిజమునకు ఆమె మాటను నీరుకార్చిరి.

చూచిన కన్నులు పొరపడవచ్చును గనుక, కన్నులు గాక వేఱొక సాక్షి కావలెను. 1983లోను, 1986లోను ఇంగ్లండులో లెస్టరునకు చేరువ గ్రామములలో ఇద్దఱు పదునైదేండ్ల బాలికలు చెఱుపబడి చంపబడిరి. పదునేడేండ్ల కుఱ్ఱవాడొకడు రెండవ నేరము తానే చేసితినని పోలీసులయెదుట ఒప్పుకొనెను. లెస్టరు విశ్వవిద్యాలయమున ఆలెక్ జెఫ్రీస్ అను శాస్త్రజ్ఞుడు కొన్నాళ్ల క్రిందటనే డి.ఎన్.ఏ. ద్వారా మనిషిని పోల్చు మార్గమును కనుగొనియుండెను. ఆయన పరీక్షించి, రెండు నేరములును ఒక్కనివేయనియు, ఆ యొక్కడు ఈ కుఱ్ఱవాడు కాడనియు తేల్చెను. పిమ్మట దాదాపు అయిదువేల మంది పురుషుల నమూనాలు తీసిరి. అసలు దోషి తనకు బదులు స్నేహితుని పంపెను. ఆ సంగతి బయటపడి 1987లో చిక్కెను. నేరవిచారణలో డి.ఎన్.ఏ. చేసిన మొట్టమొదటి మేలు ఒక నిరపరాధిని విడిపించుట. మన హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనాలయమున లాల్జీ సింగు గారు 1980ల చివర ఈ విద్యను స్వదేశీయముగా సాధించిరి.

2005లో చేసిన సవరణచట్టము 2006 జూన్ నుండి అమలులోనికి వచ్చి, నిందితుని వైద్యపరీక్షలో డి.ఎన్.ఏ. నమూనా తీయుటకును, సమాచారమందిన ఇరువదినాలుగు గంటలలో బాధితురాలిని ఆమె సమ్మతితో వైద్యులయొద్దకు పంపుటకును ఏర్పాటు చేసినది. 2011లో సుప్రీంకోర్టు హర్యానా వ్యాజ్యమొకదానిలో, ఇట్టి చట్టము వచ్చిన తరువాత గూడ పోలీసులు ఈ పరీక్షను ఉపేక్షింపరాదని చెప్పినది. ఇదే కాలమున మన ఆసుపత్రులలో “రెండు వ్రేళ్ల పరీక్ష” యను హీనమైన యాచారమును సాగించుచుండిరి. దానిని 2013లో సుప్రీంకోర్టు ఖండించినది. ఆ పరీక్ష స్త్రీ శీలమును గూర్చి ఊహలు చెప్పుటకు పుట్టినది; నేరస్థుడెవడో దానివలన ఏమాత్రమును తెలియదు. ఎవనిని వెదకవలెనో వానిని వదలి, ఎవరికి దెబ్బ తగిలినదో ఆమెనే వెదకిరి!

అయినను డి.ఎన్.ఏ. మంత్రము కాదు. మరల ఢిల్లీ వ్యాజ్యమునకు వత్తము. అందు డి.ఎన్.ఏ. నివేదిక యున్నది, అది ముద్దాయిలకు ప్రతికూలముగనే యున్నది. కాని 2012 ఫిబ్రవరి 14, 16 తేదీలలో తీసిన నమూనాలు ఫిబ్రవరి 27వఱకు పోలీసు మాల్‌ఖానాలోనే పడియుండెను. ఈ పదునొకండు దినములలో వానిని ఎవరును తాకలేదని ఎట్లు నమ్ముట? యువతిని ఎత్తుకొనిపోవుట చూచిన సాక్షులు కోర్టులో ముద్దాయిలను చూపలేదు. గుర్తింపు పరేడు జరుపలేదు. నలుబదితొమ్మండుగురు సాక్షులలో ముఖ్యులైన పదిమందిని ముద్దాయిల పక్షమున ప్రశ్నింపనేలేదు. ఇన్ని చిల్లులున్న కడవలో ఉరిశిక్ష నిలువదని సుప్రీంకోర్టు తేల్చినది. ఈ ఘోరమునకు శిక్ష పడకపోవుట సంఘమునకును కుటుంబమునకును వేదన కలిగించునని ఒప్పుకొనుచునే, అనుమానముపై శిక్షింపజాలమన్నది. పెద్దావిడ ప్రశ్నకు సమాధానము ఇంతే: ఆ బిడ్డ న్యాయము 2022లో చెడలేదు, 2012 ఫిబ్రవరిలోనే చెడినది.

ఇట్టిది మన యింటిముంగిట గూడ జరిగినది. 2007 డిసెంబరులో విజయవాడ దాపున ఇబ్రహీంపట్నమున ఒక వసతిగృహములో ఫార్మసీ విద్యార్థిని చెఱుపబడి చంపబడినది. 2008లో ఒక పేద యువకుని పట్టిరి. 2010లో సెషన్సు కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించినది. ఆ బిడ్డ తల్లిదండ్రులే “ఇతడు కాడు” అని చెప్పుచు వచ్చిరి! బిడ్డను పోగొట్టుకొన్నవారు ముద్దాయి పక్షమున మాటలాడుట ఎంత యరుదు! 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదు హైకోర్టు అతనిని నిర్దోషియని విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారమిమ్మన్నది. అప్పటికి ఎనిమిదేండ్లకు పైగా అతని యౌవనము చెఱసాలలో గడచినది. 2018లో హైకోర్టు దర్యాప్తును కేంద్ర సంస్థకు అప్పగించినది. అన్యాయముగా నొకడు శిక్ష ననుభవించిన ప్రతి దినమును అసలు దోషి నిశ్చింతగా వీధులలో తిరిగిన దినమే. ఈ లెక్క తెలిసినవారు తొందరపాటు శిక్షను స్త్రీపక్షపాతమని పిలువజాలరు.

ఇక కాలేజీ పిల్ల కోపము. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు ఘోరముగా చెఱుపబడి చంపబడినది. నలుగురిని పట్టిరి. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున ఆ నలుగురును పోలీసుల తుపాకులకు కూలిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ సంఘపు నివేదిక 2022 మేలో వెల్లడియైనది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనన్న యుద్దేశముతోనే కాల్చిరనియు, ఆ నలుగురిలో ముగ్గురు మైనరులనియు అందు తేలినది. ఆ నలుగురే దోషులు కావచ్చును. కాని “వీరే” యను మాటను ఏ న్యాయస్థానమునను ఎవరును పరీక్షింపలేదు. ఇక పరీక్షింపను లేరు. ఇబ్రహీంపట్నపు యువకుని 2008లో ఇట్లే కాల్చియుండినచో మనము పూలు చల్లియుండెడివారము. 2017లో అతని నిర్దోషిత్వమును వినుటకు అతడుండెడివాడు కాడు. ఆ పిల్ల ఈ సంగతిని తన స్నేహితురాండ్రతో కూడ చర్చింపవలెనని నా కోరిక.

చదువరులారా, ఈ పని యంతయు న్యాయమూర్తులదనియు పోలీసులదనియు మనము చేతులు కడుగుకొనరాదు. మన వంతు గూడ నున్నది. అట్టి యాపద వచ్చిన యాడుపిల్లను తల్లి మొట్టమొదట చేయునది తలంటి పోయుట. ఆ బట్టలు కాల్చివేయుట. తల్లిప్రేమ ఆమెచేత అట్లు చేయించును. కాని ఆ నీళ్లతోను ఆ మంటలోను “వీడే” అని చెప్పగల సాక్ష్యము పోవును. స్నానమునకు ముందే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బట్టలను ఉదుకక, ఆరినవానిని కాగితపు సంచిలో ఉంచి యీయవలెను. స్నానమైపోయినను నిరాశపడి మానుకొనరాదు, వెంటనే పోవలెను. ప్రభుత్వ ఆసుపత్రిగాని ప్రైవేటు ఆసుపత్రిగాని ఉచితముగా చికిత్స చేయవలెనని 2013నుండి చట్టము చెప్పుచున్నది. ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు వ్రాయింపవచ్చును. వాడెట్లుండెను, ఏ మాటలాడెను, ఏ మచ్చ కలదు అని ఆమె చెప్పినదానిని ఆమె మాటలలోనే, మొదటి దినముననే, వ్రాయునట్లు చూడవలెను. “బాగుగా జ్ఞాపకము తెచ్చుకో, వీడు కాడా?” అని పేర్లు అందింపరాదు. ఎవరి చిత్రమును చూపరాదు. “తెలియదు” అని ఆమె అన్నచో ఆ మాటను గౌరవింపవలెను, అదియు సత్యమే.

తరువాత అప్పీలులో ముద్దాయి విడుదలయైనచో తీర్పులోని కారణమును చదువవలెను. ఆమె మాటను కోర్టు నమ్మలేదో, లేక ఆమె మాటను నిలబెట్టవలసినవారు తమ పని చేయలేదో అందు వ్రాసియుండును. ఢిల్లీలోను ఇబ్రహీంపట్నమునను పని చేయనివారు పోలీసులు. వారి తప్పునకు ఒకచోట ఉరికంబము నీడను ముగ్గురును, ఒకచోట చెఱసాలలో నొకడును ఏండ్లు గడపిరి. రెండుచోట్లను తల్లిదండ్రులు దోషి యెవడో తెలియక మిగిలిరి. “వీడే” యను మాట ఆ స్త్రీ చెప్పగలిగినంతవఱకు చెప్పును. దానిని పరీక్షించి, సాక్ష్యముతో నిలబెట్టు భారము ఆమెది కాదు, మనందఱిది. సీసాకు సీలు వేసినారా, నమూనా ఏనాడు పంపినారు, పరేడు జరిపినారా యని మొదటి వారముననే పోలీసుల నడుగు సంఘములు ప్రతి ఊరను ఏర్పడవలెను. మా వీధి స్త్రీల కూటమి ఆ పనికి పూనుకొన్నది. తక్కిన కూటములును పూనుకొనునని ఆశించుచున్నాను.